డీప్ పర్పుల్ ‘మేడ్ ఇన్ జపాన్’ ఎలా వినాలి? పాట పాటకీ ఆగి చూద్దాం

నమస్తే అండి. ఈ వీడియోలో ఒకే ఒక్క ఆల్బమ్ తీసుకుంటున్నాం. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ వాళ్ళ ‘మేడ్ ఇన్ జపాన్’. కచేరీల్లో రికార్డు చేసిన లైవ్ ఆల్బమ్ ఇది. 1972 డిసెంబరులో ఇంగ్లండ్‌లో విడుదలైంది. రెండు ఎల్పీలు, నాలుగు వైపులు, మొత్తం కలిపి ఏడంటే ఏడే పాటలు. ఏడు పాటలకి గంటా పావు పైనే పడుతుంది. రాక్ కొత్తగా వినేవాళ్ళు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. “పాట అయిపోయింది కదా, ఇంకా ఏం వాయిస్తున్నారు?” అని అడుగుతారు. యాభై ఏళ్ళు దాటినా అభిమానులు ఈ ఆల్బమ్‌ని వదలకపోవడానికి కారణం ఆ ‘ఇంకా’లోనే ఉంది. దాన్ని చెవికి దొరికించుకోవడం ఎలాగో చూద్దాం.

ముందు మీ ఫోన్‌లో రెండు పనులు చేయండి. ఒకటి, షఫుల్ ఆపేయండి. రెండు, క్రాస్‌ఫేడ్, అంటే ఒక పాట చివరని తర్వాతి పాట మొదలుతో కలిపేసే సెట్టింగ్, ఆన్‌లో ఉంటే అదీ ఆపేయండి. పాటకీ పాటకీ మధ్య వచ్చే చప్పట్లు, మాటలు, తీగలు సరిచేసుకునే చప్పుడు, ఇవన్నీ ఆల్బమ్‌లో భాగమే. ఇక హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. ఈ మిక్స్‌లో గిటార్ ఒక చెవి వైపు, ఆర్గన్ ఇంకో చెవి వైపు ఉంటాయి. ఫోన్ స్పీకర్‌లో పెడితే రెండూ కలిసి ముద్దయిపోతాయి. పైగా ఈ బ్యాండ్‌లో ఆర్గన్‌ని గిటార్ అనుకోవడం చాలా తేలిక. జాన్ లార్డ్ తన హామండ్ ఆర్గన్‌ని, అంటే కరెంటుతో పనిచేసే ఆర్గన్‌ని, గిటారిస్టులు వాడే మార్షల్ ఆంప్లిఫయర్ గుండా పంపేవాడు. అందుకే అది చర్చిలో మోగే ఆర్గన్‌లా ఉండదు, గరుకుగా గర్జిస్తూ వస్తుంది.

వేదిక మీద ఐదుగురు. పాడేది ఇయాన్ గిల్లన్. గిటార్ రిచీ బ్లాక్‌మోర్. ఆర్గన్ జాన్ లార్డ్. బేస్ రోజర్ గ్లోవర్. డ్రమ్స్ ఇయాన్ పేస్. అభిమానులు ఈ జట్టుని ‘మార్క్ టూ’ అంటారు, అంటే బ్యాండ్‌లో రెండో కూర్పు. ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి, వీడియో అంతా వీళ్ళ వెంటే తిరుగుతాం.

రికార్డింగ్ సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆల్బమ్ ఇంత బాగుండటానికి సగం కారణం అక్కడే ఉంది. లైవ్ ఆల్బమ్ కావాలని అడిగింది జపాన్‌లోని రికార్డు కంపెనీ. బ్యాండ్‌కి మొదట అంత మనసు లేదు. చివరికి ఒప్పుకున్నారు కానీ, మా ఇంజనీరే రికార్డు చేయాలి అన్నారు. ఆ ఇంజనీరు మార్టిన్ బర్చ్. తర్వాతి రోజుల్లో హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ ఆల్బమ్‌లు చేసింది కూడా ఆయనే. 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలో, 17న టోక్యోలోని బుడోకాన్ హాల్లో, మూడు రాత్రులూ ఎనిమిది ట్రాకుల టేపు మీద, అంటే శబ్దాలని ఎనిమిది వరుసల్లో విడివిడిగా పట్టే టేపు మీద రికార్డు చేశారు. ఎనిమిదే ట్రాకులు! ఈ రోజుల్లో డ్రమ్స్‌కి ఒక్కదానికే అంతకంటే ఎక్కువ వాడతారు. అది జపాన్ వరకే విడుదలయ్యే రికార్డు అనుకున్నారు కాబట్టి ఎవరూ దాని గురించి బెంగ పెట్టుకోలేదు. మామూలుగా రోజూ వాయించేదే వాయించారు. మిక్సింగ్‌కి వెళ్ళింది గ్లోవర్, పేస్ ఇద్దరే. తర్వాత స్టూడియోలో కూర్చుని తప్పుల మీద కొత్తగా వాయించి అతికించలేదు. ఆ కాలపు లైవ్ ఆల్బమ్‌లలో అలా అతికించడం మామూలే, అందుకే ఇది అభిమానులకి అంత గౌరవం.

సరే, ఇప్పుడు వినడం మొదలుపెడదాం. నా పద్ధతి ఇది: ముందు ఆ పాట స్టూడియో వెర్షన్ ఒకసారి, వెంటనే లైవ్ వెర్షన్. ఏడింటిలో నాలుగు పాటలు అదే ఏడాది మార్చిలో వచ్చిన ‘మెషిన్ హెడ్’ నుంచి తీసుకున్నవి. కాబట్టి ఆ ఒక్క ఆల్బమ్ దగ్గర పెట్టుకుంటే సగానికి పైగా పని అయిపోయినట్టే.

[ప్లేయర్ స్క్రీన్: హైవే స్టార్]

మొదటి పాట ‘హైవే స్టార్’. 1971లో పోర్ట్స్‌మౌత్‌కి కచేరీకి వెళుతున్న బస్సులో పుట్టిందిది. మీరు పాటలు ఎలా కడతారు అని ఒక విలేకరి అడిగితే, బ్లాక్‌మోర్ గిటార్ తీసుకుని అక్కడికక్కడే మొదలుపెట్టాడు. ఇక్కడ మీరు పాట కోసం తొందరపడకండి. గొంతు రాకముందు జరిగేది వినండి. పేస్ స్నేర్ డ్రమ్ మీద కొట్టడం మొదలుపెడతాడు, ఆర్గన్ దాని మీద అటూ ఇటూ తిరుగుతుంది, బేస్, గిటార్ ఎక్కుతాయి. ఇంకా పాట రాలేదు, కానీ వేగం వచ్చేసింది. తర్వాత ఆర్గన్ సోలో, దాని తర్వాత గిటార్ సోలో. ఆ గిటార్ సోలోలో బాఖ్ నాటి సంగీతం పోకడలు వినిపిస్తాయి. బ్లాక్‌మోర్‌కి అది ఇష్టం, దాన్ని ఆయన ఎప్పుడూ దాచుకోలేదు. రెండోసారి విన్నప్పుడు సోలోని వదిలేసి కింద గ్లోవర్ బేస్ మీద చెవి పెట్టండి. పైన ఇద్దరూ అంత స్వేచ్ఛగా ఎగరగలుగుతున్నారంటే కింద అతను కదలకుండా నిలబడినందుకే.

రెండో పాట దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. ‘చైల్డ్ ఇన్ టైమ్’. 1970లో వచ్చిన ‘ఇన్ రాక్’లోది. లైవ్‌లో పన్నెండు నిమిషాలు దాటుతుంది. మొదట్లో ఆర్గన్ మీద వచ్చే ఆ మెల్లని బాణీ ఎక్కడిదో తెలుసా? అమెరికాలో ‘ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే’ అనే బ్యాండ్ ఉండేది. వాళ్ళ 1969 నాటి ‘బాంబే కాలింగ్’ అనే పాట నుంచి పుట్టిన బాణీ. ఈ విషయాన్ని డీప్ పర్పుల్ వాళ్ళే ఒప్పుకున్నారు. అలా మన బొంబాయి పేరు దూరం నుంచి ఈ పాటకి తగులుతుంది.

ఇప్పుడు మొదటి నిమిషం వినండి. హాలు నిశ్శబ్దం. ఒసాకా ప్రేక్షకులు ఊపిరి బిగబట్టి వింటున్నారు. గిల్లన్ చాలా తక్కువ గొంతుతో మొదలుపెడతాడు. మాటలు అయిపోయాక మాటల్లేని రాగం అందుకుంటాడు. అది మెట్లు మెట్లుగా పైకి వెళుతుంది. మొదటి మెట్టు మెత్తగా, నోరు సగం తెరిచినట్టు. రెండో మెట్టులో గొంతు తెరుచుకుంటుంది. మూడో మెట్టు అరుపే, కానీ శ్రుతిలో ఉన్న అరుపు. ప్రతి మెట్టుకీ పేస్ డ్రమ్స్ ఎంత పెంచుతున్నాడో గమనించండి. గొంతు పెరిగాక డ్రమ్స్ పెరగవు, రెండూ కలిసి ఒక్కసారే పెరుగుతాయి. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో చెప్పలేం. నాకు ఈ ఆల్బమ్ మీద ఉన్న ప్రేమంతా ఇలాంటి చోట్లే. ఐదుగురు మనుషులు ఒకరినొకరు వింటూ వాయించడం మన చెవులకి దొరుకుతుంది.

తర్వాత గిటార్ సోలో నెమ్మదిగా మొదలై, మధ్యలో తాళం వేగం అందుకుంటుంది. మొదటిసారి వినేవాళ్ళు ఇక్కడ దారి తప్పుతారు. తప్పకుండా ఉండాలంటే చేత్తో తాళం వేస్తూ వినండి. ఆ పరుగు ఒక్కసారిగా ఆగి, మళ్ళీ ఆ మెల్లని ఆర్గన్ ఒక్కటే మిగిలే చోటు వస్తుంది చూడండి, అక్కడ పాజ్ చేయొద్దు. ఎవరైనా పిలిచినా పలకొద్దు!

ఇంకో మాట. జపాన్ వెళ్ళే ముందు గిల్లన్ గొంతుకి జబ్బు చేసింది. ఈ కచేరీల్లో తను పాడిన తీరు ఆయనకి నచ్చలేదు. మనం ఇంత పొగిడే గానం పాడినవాడికి తృప్తినివ్వలేదన్నమాట. ఆ సంగతి తెలిశాక ఆ మూడో మెట్టు మళ్ళీ వింటే, నాకైతే గౌరవం ఇంకా పెరిగింది.

[ప్లేయర్ స్క్రీన్: స్మోక్ ఆన్ ది వాటర్]

‘స్మోక్ ఆన్ ది వాటర్’ రిఫ్, అంటే పదే పదే వచ్చే ఆ గిటార్ ముక్క, తెలియనివాళ్ళు తక్కువ. గిటార్ నేర్చుకునే ప్రతి పిల్లవాడూ మొదటి వారంలో వాయించేది ఇదే. కథ కూడా మీరు వినే ఉంటారు. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో ఒక క్యాసినోలో అమెరికన్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుంటే ఎవరో ఫ్లేర్ గన్, అంటే మంట చిమ్మే తుపాకీ, పేల్చారు, ఆ క్యాసినో కాలిపోయింది. పర్పుల్ వాళ్ళు రికార్డింగ్ చేసుకోవాల్సిన చోటు అదే. సరస్సు మీదకి కమ్మిన పొగే పాట పేరయింది.

[గిటార్ దగ్గరగా]

ఒక్క చిన్న విషయం చూపిస్తాను. చాలామంది ఈ రిఫ్‌ని పిక్‌తో ఒక్కో తీగ మీద వాయిస్తారు. బ్లాక్‌మోర్ రెండు తీగలు కలిపి, వేళ్ళతో లాగుతాడు. ఇలా. రెండు స్వరాలూ ఒకేసారి బయటికి వస్తాయి. పిక్‌తో అయితే ఒకదాని వెనక ఒకటి వస్తాయి. తేడా వెంట్రుకవాసే, కానీ ఒకసారి పట్టుకున్నాక చెవి ఇక మర్చిపోదు.

మూడు రాత్రుల్లో ఒసాకా మొదటి రాత్రి, అంటే ఆగస్టు 15 నుంచి ఆల్బమ్‌లోకి తీసుకున్న పాట ఇదొక్కటే. స్టూడియోలో చివర్లో శబ్దం తగ్గిపోతూ ముగుస్తుంది. ఇక్కడ చివర్లో ఆర్గన్, గిటార్ ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటాయి. హెడ్‌ఫోన్స్ ఎందుకన్నానో ఇప్పుడు తెలుస్తుంది: ఈ చెవిలో ఒక మాట, ఆ చెవిలో బదులు.

‘ది మ్యూల్’ ఇయాన్ పేస్ డ్రమ్ సోలో కోసం ఉన్న పాట. పేస్ ఎడమచేతి వాటం. చేతుల వేగం కంటే మోత హఠాత్తుగా తగ్గించి, మళ్ళీ పెంచే నేర్పు చూడండి. టోక్యోలో రికార్డయింది. డ్రమ్స్ మీద ఆసక్తి లేనివాళ్ళు దీన్ని రెండోసారికి అట్టిపెట్టుకోవచ్చు, తప్పేం లేదు.

పాటల మధ్య మాటలు వినండి అన్నాను కదా. ఒకచోట వేదిక మీద మానిటర్ల, అంటే వాయించేవాళ్ళ వైపు తిప్పిన స్పీకర్ల, శబ్దం పెంచమని అడుగుతారు. ఆ మాటల్లోనే, అన్నిటికంటే అన్నీ గట్టిగా పెట్టగలరా అన్న కోరిక వినిపిస్తుంది. అభిమానులకి ఆ మాట మంత్రమైపోయింది. మోటర్‌హెడ్ అనే బ్యాండ్ అయితే దాన్ని కొంచెం మార్చి తమ లైవ్ ఆల్బమ్‌కి పేరే పెట్టేసుకుంది.

‘స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ ఉమన్’. ఇది మనవాళ్ళకి వెంటనే ఎక్కుతుంది. మన కచేరీల్లో గాయకుడు ఒక సంగతి వేస్తే వయొలిన్ అదే సంగతిని వెంటనే తిరిగి వాయిస్తుంది కదా. ఇక్కడ అది తిరగబడింది. బ్లాక్‌మోర్ గిటార్ మీద ఒక ముక్క వేస్తాడు, గిల్లన్ గొంతుతో దాన్ని తిరిగి అనాలి. మొదట తేలికవి వేస్తాడు. తర్వాత కొంచెం మెలిక. తర్వాత ముక్కలు చిన్నవవుతూ, పైకి పోతూ, గిటార్‌కి మాత్రమే సాధ్యమనిపించే చోట్లకి వెళతాయి. గిల్లన్ వదలడు. 1970లో వచ్చిన ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’ ఆల్బమ్‌లో జీసస్ పాత్రకి పాడిన గొంతు ఇది, మర్చిపోవద్దు. చివరికి గిటార్ ఆగిపోతుంది, గొంతు ఆగదు. ఒక్క అరుపు అలా సాగుతూనే ఉంటుంది. ఈ ముక్కని ఐదారుసార్లు వెనక్కి తిప్పి వినండి. ప్రతి జవాబుకీ ముందు ఉండే ఆ రెప్పపాటు ఖాళీని గమనించండి. తర్వాత ఏం వస్తుందో గిల్లన్‌కి కూడా తెలియదు.

‘లేజీ’ కొంచెం తేలికపాటి బ్లూస్. మొదట్లో లార్డ్ ఆర్గన్‌తో ఒంటరిగా ఆడుకుంటాడు, గిల్లన్ మౌతార్గన్ అందుకుంటాడు. మధ్యలో బ్లాక్‌మోర్ స్వీడన్ స్వరకర్త హ్యూగో ఆల్వెన్ బాణీని చటుక్కున ఒక ముక్క వేసి వెళ్ళిపోతాడు.

ఇక నాలుగో వైపు. ‘స్పేస్ ట్రకింగ్’. స్టూడియోలో నాలుగున్నర నిమిషాల పాట. ఇక్కడ దాదాపు ఇరవై నిమిషాలు, ఎల్పీలో ఒక వైపు మొత్తం. కొత్తవాళ్ళు ఇక్కడ భయపడతారు. భయం పోవాలంటే దాన్ని నాలుగు ముక్కలు చేసుకోండి. మొదటిది పాట. గిల్లన్ పాడటం అయ్యాక రెండోది మొదలవుతుంది: పరుగులు తీసే ఆర్గన్ సోలో. ఈ భాగం ‘మాండ్రేక్ రూట్’ అనే 1968 నాటి పర్పుల్ పాట నుంచి వచ్చింది. అప్పటికి గిల్లన్, గ్లోవర్ బ్యాండ్‌లోనే లేరు. పాత పాట తోకని కొత్త పాటకి కలిపారు. అక్కడే లార్డ్ ఇంగ్లండ్ స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ రాసిన ‘జూపిటర్’ బాణీని కూడా ముట్టుకుంటాడు.

మూడో ముక్కలో అంతా చల్లబడుతుంది. వయొలిన్‌లాంటి, చెల్లోలాంటి శబ్దం వస్తుంది. అది గిటారే!

[గిటార్ దగ్గరగా, వాల్యూమ్ నాబ్ మీద]

చిటికెన వేలు చూడండి. నాబ్ సున్నా దగ్గర ఉంది. తీగ మీటాను, ఏమీ వినపడలేదు. ఇప్పుడు చిటికెన వేలితో మెల్లగా తిప్పుతున్నాను. మీటిన దెబ్బ మాయమైంది, నాదం మాత్రం ఉబుకుతూ వచ్చింది. బ్లాక్‌మోర్ చేసేది ఇదే. ‘ఫైర్‌బాల్’ ఆల్బమ్‌లోని ‘ఫూల్స్’ పాటలో ఈ పద్ధతి ముందే వాడాడు. ఇక నాలుగో ముక్క గిటార్ విజృంభణ. దాన్ని వర్ణించను, మీరే వినండి.

ఈ ఆల్బమ్ ఇంగ్లండ్‌లో బయటికొచ్చిన ఆ డిసెంబరుకే గిల్లన్ రాజీనామా ఉత్తరం ఇచ్చేశాడు. 1973 జూన్ 29న ఈ జట్టు ఆఖరి కచేరీ, అదీ ఒసాకాలోనే. తర్వాత పదకొండేళ్ళకి మళ్ళీ కలిశారు. కానీ ఆ ఆగస్టు నాటి ఊపు నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఏది కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, అసలు ఏడు పాటల ఆల్బమే చాలు. 1998 ఎడిషన్‌లో ‘బ్లాక్ నైట్’, ‘స్పీడ్ కింగ్’, ‘లూసిల్’ ఎంకోర్లు, అంటే కచేరీ అయ్యాక మళ్ళీ వచ్చి వాయించిన పాటలు, రెండో డిస్క్‌లో ఉంటాయి. ఏడు పాటలూ మీకు కంఠతా వచ్చాక, 1993లో ‘లైవ్ ఇన్ జపాన్’ పేరుతో వచ్చిన మూడు సీడీల సెట్ వెతకండి. మూడు రాత్రుల కచేరీల్లో ఎక్కువ భాగం అందులో ఉంది. ‘చైల్డ్ ఇన్ టైమ్’ని ఒక రాత్రి తర్వాత ఇంకో రాత్రిది పెట్టుకుని వినండి. గిటార్ సోలో ఎక్కడ వేరే దారి పట్టిందో, పేస్ ఎక్కడ దాన్ని అందుకున్నాడో కాగితం మీద టైమ్ రాసుకుంటూ వెళ్ళండి.