తలుపు మీద 43 ఉంటే అది పెట్టీ కారేనా? పాత స్టాక్ కార్ల పుట్టుపూర్వోత్తరాలు

(తెరపై: వేలం వేదిక. దీపాల వెలుగులో నీలం, ఎరుపు రంగుల కారు. తలుపు మీద పెద్ద 43.)

నమస్కారం. ఒక వేలంపాట ఊహించుకోండి. వేదిక మీదికి ఒక కారు వచ్చింది. తలుపు మీద 43. సగం నీలం, సగం ఎరుపు, పక్కన పెద్ద ఎస్‌టీపీ గుర్తు. డాష్‌బోర్డు మీద, 43 నంబరుతో పేరు తెచ్చుకున్న అమెరికా రేసు డ్రైవర్ రిచర్డ్ పెట్టీ సంతకం. 1971లో ఆయన నడిపిన కారు ఇదేనని మైకులో చెబుతున్నారు. చేతులు లేస్తున్నాయి, ధర పెరుగుతోంది.

ఆ నీలం, ఎరుపు కలయిక, ఇంజిన్ ఆయిల్‌లో కలిపే ద్రవాలు అమ్మే ఎస్‌టీపీ సంస్థ పెట్టీకి ప్రధాన స్పాన్సర్‌గా వచ్చాక పుట్టింది. అది 1972లో. అంటే ఈ రంగులు 1971 నాటివి కావు. అంతమాత్రాన కారు నకిలీ అనలేం, రంగు తర్వాత వేసి ఉండవచ్చు. కానీ రంగు తర్వాతిదైతే, కారు 1971 నాటిదని చెబుతున్న ఆధారం ఏది? సంతకమా? డ్రైవర్లు తమ నంబరున్న ఏ కారు మీదైనా అభిమానులు అడిగితే సంతకం చేస్తారు. ఆ కారు ఆయన చేతికి ఒకసారి అందిందని చెప్పడం మించి సంతకం ఏమీ రుజువు చేయదు.

ఈ వీడియో అలాంటి కారు అసలు కథను ఎలా తవ్వి తీస్తారో చెప్పడానికి.

(తెరపై: 1949 నాటి మట్టి ట్రాకు, నలుపు తెలుపు ఫొటో.)

స్టాక్ కారు అంటే మొదట్లో షోరూంలో అమ్మే మామూలు కారే. అమెరికాలో ఈ పోటీలు నడిపే నాస్కార్ సంస్థ 1948లో ఏర్పడింది. మార్పులు చేయని కార్లతో దాని మొదటి పోటీ 1949 జూన్ 19న నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో జరిగింది. ముందుగా గమ్యం చేరింది గ్లెన్ డునవే. తనిఖీలో ఆయన కారు వెనుక స్ప్రింగులు మార్చారని తేలడంతో అనర్హుడిని చేసి, లింకన్ కారు నడిపిన జిమ్ రోపర్‌ను విజేతగా ప్రకటించారు. పైకి కనిపించేది ఒకటి, లోపల ఉన్నది ఒకటి అనే సమస్య ఈ క్రీడకు తొలి రోజు నుంచీ ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు. రేసు జట్లకు కారు అంటే పనిముట్టు. ఆదివారం గోడకు కొట్టుకుంటే సోమవారం ముందు భాగం కోసేసి కొత్తది అతికిస్తారు. ఏడాది మారితే పాత రేకులు ఊడదీసి కొత్త మోడల్ రేకులు తొడుగుతారు, అదే మనిషి చొక్కా మార్చినట్టు. డ్రైవర్ మారతాడు, నంబరు మారుతుంది. వేగం తగ్గాక చిన్న జట్టుకు అమ్మేస్తారు. వాళ్లు ఆర్కా అనే చిన్న సంస్థ పోటీల్లోనో, ఊరి మట్టి ట్రాకు మీదో నడుపుతారు. చివరికి షెడ్డు వెనుక గడ్డిలో పడి ఉంటుంది. అది ఒక రోజు చరిత్ర అవుతుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

పైగా, మనం రోడ్డు మీది కారును గుర్తించే పద్ధతి ఇక్కడ పనిచేయదు. రేసు కార్లలో చాలా వాటిని ఫ్యాక్టరీ నుంచి రంగు కూడా వేయని ఖాళీ బాడీగా తెచ్చుకుని కట్టేవారు. వాటికి ఫ్యాక్టరీ వేసే గుర్తింపు నంబరు పలక ఉండదు. ఆనాటి పోటీ ఫలితాల పట్టికల్లో డ్రైవరు పేరు, యజమాని, కారు కంపెనీ, నంబరు, స్థానం ఉంటాయి. ఏ ఛాసిస్, అంటే ఏ చట్రం, ఆ రోజు పరిగెత్తిందో ఉండదు. 2007లో కొత్త తరం కార్లు వచ్చినప్పుడే నాస్కార్ ఛాసిస్‌లకు ఎలక్ట్రానిక్ చిప్‌లు అతికించి లెక్క పెట్టడం మొదలుపెట్టింది. అంతకు ముందు కాలానికి మనమే డిటెక్టివులం.

(తెరపై: వర్క్‌షాపు. గొట్టాల చట్రం, వెల్డింగ్ మెరుపులు.)

కట్టిన వర్క్‌షాపును గుర్తిస్తే సరిపోతుందా అని అడగవచ్చు. షార్లెట్‌లో హోల్మన్-మూడీ ఫోర్డ్ కార్లు కట్టేది. నార్త్ కరోలినాలోనే ఆర్డెన్ అనే చోట బాంజో మాథ్యూస్ ఛాసిస్‌లు కట్టేవాడు. 1974 నుంచి 1985 వరకు నాస్కార్ అగ్రశ్రేణి అయిన కప్‌లో జరిగిన 362 పోటీల్లో 262 ఆయన కట్టిన కార్లే గెలిచాయి. 1978లో అయితే 30 పోటీలకు 30. ఈ అంకెలో ఉన్న చిక్కు చూడండి: ఆ రోజుల్లో గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే షెడ్డు నుంచి వచ్చిన చట్రాలు నడిపారు. "ఇది బాంజో ఛాసిస్" అన్న మాట నిజమే అయినా, ఏ డ్రైవర్ నడిపాడో అది చెప్పదు. ఇక వర్క్‌షాపు పేరున్న పలక అంటారా, అది ఒక రేకు ముక్క. కొత్తది చేయించుకోవడం ఎవరికైనా సాధ్యమే.

మరి ఏది చెబుతుంది? ఒక కారు కథ వివరంగా చూద్దాం.

(తెరపై: పొడవాటి ముక్కు, వెనుక ఎత్తయిన రెక్క ఉన్న డాడ్జ్ చార్జర్ డేటోనా.)

1969లో డాడ్జ్ కంపెనీ గాలిని చీల్చుకుంటూ పోయే చార్జర్ డేటోనా తెచ్చింది. ఇంజినీర్ల పరీక్షలకు వాడిన 88 నంబరు డేటోనాతో 1970 మార్చి 24న అలబామాలోని టాలడేగా ట్రాకు మీద బడ్డీ బేకర్ గంటకు 200.447 మైళ్లు, అంటే 322 కిలోమీటర్ల పైచిలుకు వేగం అందుకున్నాడు. గుండ్రంగా చుట్టి వచ్చే ట్రాకు మీద స్టాక్ కారు 200 మైళ్లు దాటడం అదే మొదటిసారి.

ఇంత పేరున్న కారును భద్రంగా దాచి ఉంటారని అనుకుంటాం కదా? అలా జరగలేదు. 1971కి నాస్కార్ ఇలాంటి రెక్కల కార్లకు ఇంజిన్ పరిమాణాన్ని 305 ఘనపు అంగుళాలకు తగ్గించింది. ఆ దెబ్బతో నాస్కార్‌లో వాటికి గిరాకీ పోయింది. కొన్నింటికి ముక్కు, రెక్క పీకేసి మామూలు చార్జర్లుగా నడిపారు, కొన్ని వేరే సంస్థల పోటీలకు వెళ్లిపోయాయి. టాలడేగా ట్రాకు పక్కనున్న మ్యూజియంలో నీలం రంగు 88 నంబరు డేటోనా ఒకటి ఉండేది. జనం చాలాకాలం దాన్నే రికార్డు కారనుకున్నారు. కానీ రికార్డు కారు యూఎస్ఏసీ అనే మరో సంస్థ పోటీల్లో పేరున్న డాన్ వైట్ చేతికి వెళ్లి, అయోవా రాష్ట్రంలో ఉండిపోయింది. రంగు మారింది, రూపం మారింది, పేరు మాసిపోయింది. దశాబ్దాల తర్వాతే అది మళ్లీ వెలుగు చూసింది.

నాకు ఈ కథ ఎందుకు ఇంత ముఖ్యమంటే, పాత రేసు కారును నమ్మాలా వద్దా అని తేల్చడానికి నేను మొదట వెతికేది దాని గొప్ప రోజుల గురించి కాదు. దాన్ని ఎవరూ పట్టించుకోని సంవత్సరాల గురించి. గెలుపు ఫొటోలు అందరికీ దొరుకుతాయి, వాటిని చూసి ఎవరైనా కారుకు రంగు వేయగలరు. కానీ 1973లో ఎవరు కొన్నారు, ఏ రంగు వేశారు, ఏ ఊరి ట్రాకు మీద పదిహేడో స్థానంలో ముగించారు, ఏ చట్రం ఎక్కడ వంగింది, ఇవి కల్పించాలని ఎవరికీ తోచదు. మొదటి పేజీలో పెద్ద విజయం, ఆ తర్వాత నేరుగా ఈ రోజు వేలం, మధ్యలో 40 ఏళ్లు ఖాళీ. అలాంటి కథ చెబితే నా చేయి పైకి లేవదు.

దీనికి మినహాయింపులు ఉన్నాయి. 1984 జూలై 4న ఫ్లోరిడాలోని డేటోనా ట్రాకు మీద, అధ్యక్షుడు రీగన్ హాజరైన రోజున, పెట్టీ తన 200వ విజయం సాధించిన పోంటియాక్ ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థ దగ్గర ఉంది. దాని విలువ అప్పుడే అందరికీ తెలుసు. కానీ వేలానికి వచ్చే కార్లలో ఇలాంటి అదృష్టం ఉన్నవి తక్కువ.

(తెరపై: కారు కింద నుంచి దృశ్యం. లైటు పట్టుకుని గొట్టాలను చూస్తున్న చేయి.)

కాగితం తర్వాత లోహం దగ్గరికి రండి. రేకులు మారతాయి, రోల్ కేజ్ మారడం కష్టం. డ్రైవర్ చుట్టూ ఉండే ఆ గొట్టాల పంజరాన్ని ఒక్కో వర్క్‌షాపు ఒక్కో విధంగా వంచేది. ఏ గొట్టం ఎక్కడ కలిసింది, మూలకు ముక్క వెల్డింగ్ చేశారా, సీటు బిగించిన పాత రంధ్రాలు పూడ్చారా, ఇవన్నీ చూసి, ఆనాటి గ్యారేజీ ఫొటోలతో పోల్చాలి. తలుపు తీసినట్టు, బానెట్ ఎత్తినట్టు ఉన్న ఫొటోలు గెలుపు ఫొటోల కన్నా వంద రెట్లు విలువైనవి. అవి దొరికే చోట్లు ఉన్నాయి: నార్త్ కరోలినాలోని అప్పలాచియన్ స్టేట్ యూనివర్సిటీలో స్టాక్ కారు పోటీల సేకరణ ఉంది, న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్‌లో మోటారు రేసింగ్ పరిశోధన కేంద్రం ఉంది. షార్లెట్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువారు మీలో ఉంటే, ఊళ్లోనే ఉన్న నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఒక్కసారి వెళ్లి అసలు కార్ల లోపలి భాగాలు దగ్గరగా చూడండి. కన్ను అలవాటు పడుతుంది.

నిబంధనలు కూడా కాలాన్ని చెబుతాయి. 1970లో డార్లింగ్టన్ ట్రాకు మీద పెట్టీ కారు పల్టీలు కొట్టినప్పుడు ఆయన చేయి కిటికీలోంచి బయటికి వేలాడింది. ఆ తర్వాతే డ్రైవర్ కిటికీకి వల తప్పనిసరి అయింది. 1981లో ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరాన్ని 115 అంగుళాల నుంచి 110కి తగ్గించారు. గాలికి కారు లేవకుండా ఆపే పైకప్పు రెక్కలు 1994లో వచ్చాయి. 1976 కారు అంటూ అమ్ముతున్నదాన్ని టేపు పెట్టి కొలిస్తే 110 వచ్చిందనుకోండి. అది తర్వాతి చట్రం కావచ్చు, లేదా పాత చట్రాన్నే కోసి కుదించి ఉండవచ్చు. రెండోదైతే కోసిన గుర్తులు కనిపించాలి. కనిపిస్తే నాకు సంతోషం, ఎందుకంటే ఆ కోత 1981 తర్వాత కూడా ఆ కారు బతికిందని చెబుతోంది.

మెకానిక్‌ల జ్ఞాపకాలు తీసుకోండి, రాతపూర్వకంగా తీసుకోండి. వాళ్లు అబద్ధం చెప్పరు, కానీ ఏడాదికి చాలా కార్లు కట్టినవారికి ఒకటి ఇంకొకటిగా గుర్తుండడం సహజం. పేరున్న మెకానిక్ స్మోకీ యూనిక్ కట్టిన నలుపు, బంగారు రంగుల 13 నంబరు షెవ్రొలే షెవెల్ కారు గురించి అయితే, దాన్ని అసలు సైజులో ఎనిమిదింట ఏడు వంతులకు కుదించి కట్టాడని దశాబ్దాలుగా కథ నడిచింది. 1967లో డేటోనా 500 అనే పెద్ద పోటీకి డ్రైవర్ కర్టిస్ టర్నర్ దానితో గంటకు 180.831 మైళ్ల వేగంతో మొదటి స్థానం నుంచి బయలుదేరే హక్కు సాధించాడు. అదే ఏడాది అట్లాంటాలో టర్నర్ ఘోర ప్రమాదానికి గురయ్యాడు. కాబట్టి యూనిక్ షెవెల్ అంటూ ఏది కనిపించినా మొదటి ప్రశ్న ఒకటే: ఇది అట్లాంటాలో గోడకు కొట్టుకున్నదా, దాని తోబుట్టువా?

(తెరపై: వేలం జాబితా పేజీ. కొన్ని మాటల కింద గీతలు.)

ఇక వేలం జాబితాలోని మాటలు. "ఆయన నడిపినదని భావిస్తున్నారు", "ఆ కారు శైలిలో", "యజమాని చెప్పిన ప్రకారం" అన్న పదాలు కనిపిస్తే నెమ్మదించండి. చాలా వేలాల్లో వివరణ అమ్మేవారిదే. కారు ఉన్నది ఉన్నట్టుగా అమ్ముడవుతుంది, పాట ముగిసి సుత్తి పడ్డాక వెనక్కి ఇవ్వడం చాలా కష్టం. నకలు కారును నకలు అని చెప్పి అమ్మడంలో తప్పేమీ లేదు, అందమైన నకళ్లు కట్టేవారి పని నాకు ఇష్టం కూడా. ధర మాత్రం నకలు ధర కావాలి.

అందుకే పాటకు ముందే అమ్మేవారిని ఒక పని అడగండి. ఏ ఛాసిస్, ఏ ఏడాది, ఏ పోటీ, ఏ డ్రైవర్, ఆ తర్వాత ఎవరెవరి చేతులు మారింది, ఇవన్నీ అమ్మకపు పత్రంలోనే రాసి సంతకం పెట్టమనండి. రాయడానికి ఒప్పుకుంటే ఆ కాగితం పట్టుకుని ప్రతి పేరునూ వెతకవచ్చు. మైకులో చెప్పింది కాగితం మీద రాయడానికి వెనకాడితే, నకలు కారుకు ఎంత ఇస్తారో అంత వరకే పాడండి.