అక్వేరియం నీళ్లు రంగు మారాయా? పారబోసే ముందు ఒక్క గ్లాసు తీసి చూడండి

అందరికీ నమస్కారం. ఇదిగో, ఈ ట్యాంక్ చూడండి. రెండడుగుల ట్యాంక్. వెనకాల అంటించిన పోస్టర్ కూడా సరిగ్గా కనబడట్లేదు, అంత మసకగా ఉంది. ఇలా అవ్వగానే చాలా ఇళ్లల్లో చేసే పని ఒకటే. చేపల్ని బకెట్లోకి తీసేస్తారు, నీళ్లన్నీ పారబోస్తారు, రాళ్లు కడుగుతారు, ఫిల్టర్ కడుగుతారు, కొత్త నీళ్లు పట్టేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. రెండ్రోజులు తేటగా ఉంటాయి, ఆ తర్వాత మళ్లీ అదే మసక. ఈలోపు చేపలు కూడా పోవచ్చు. ఎందుకు పోతాయో ఫిల్టర్ దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

ముందు రంగు ఏంటో తేల్చుకుందాం. ట్యాంక్ అద్దంలోంచి చూసి తేల్చొద్దు. లైట్ రంగు, పోస్టర్ రంగు, రాళ్ల రంగు అన్నీ కలిసిపోయి కనిపిస్తాయి. ఒక గాజు గ్లాసు తీసుకోండి, సబ్బు వాసన లేనిది. ట్యాంక్ మధ్యలోంచి నీళ్లు ముంచండి, వెనకాల తెల్ల కాగితం పెట్టండి. ఇలా. ఇప్పుడు కనిపించేదే అసలు రంగు. చూశారా, ట్యాంక్‌లో పచ్చగా ఉన్నట్టు అనిపించింది, గ్లాసులో చూస్తే పాలు కలిపిన నీళ్లలా తెల్లగా ఉంది. ఆ గ్లాసుని అలాగే రాత్రంతా కదపకుండా ఉంచేయండి. పొద్దున్నకి అడుగున పొడి పేరుకుని పైన తేటగా ఉంటే అది రాళ్ల దుమ్ము. పేరుకోకుండా అలాగే తెల్లగా ఉంటే బ్యాక్టీరియా.

దుమ్ము సంగతి తేలికే. అడుగున పరిచే గ్రావెల్ సరిగ్గా కడక్కుండా వేశారు. ఫిల్టర్‌లో ఫిల్టర్ ఊలు ఒక పొర పెట్టండి, ఒకట్రెండు రోజుల్లో పట్టేస్తుంది. ఊలు దొరక్కపోతే దిండ్లలో నింపే తెల్ల పాలిస్టర్ దూది పనికొస్తుంది, సెంటు గానీ రసాయనం గానీ కలపనిది చూసుకోండి. నాకైతే షాపులో అమ్మే ఊలు కంటే అదే నచ్చుతుంది, సన్న దుమ్ము బాగా పడుతుంది.

ఇప్పుడు బ్యాక్టీరియా. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కొత్త ట్యాంక్ పెట్టిన రెండు మూడు రోజులకి, లేదంటే మేత ఎక్కువైనప్పుడు, లేదంటే ఫిల్టర్‌ని బాగా కడిగేసిన తర్వాత ఈ తెల్ల మసక వస్తుంది. నీళ్లలో కుళ్లేది ఏదైనా ఉంటే దాన్ని తినే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగిపోతుంది. మనకి కనిపించే తెలుపు అదే. నీళ్లన్నీ మార్చేస్తే ఆ బ్యాక్టీరియా పోతుంది గానీ కారణం పోదు, మళ్లీ పుడుతుంది. అందుకే రోజూ నీళ్లు మార్చేవాళ్లకి ఎన్ని రోజులైనా తగ్గదు.

ఏం చేయాలి? మేత రెండు రోజులు ఆపండి. పెద్ద చేపలకి ఏమీ కాదు, రెండు మూడు రోజులు మేత లేకపోయినా ఉంటాయి. అడుగున మిగిలిన మేత సైఫన్‌తో, అంటే పైపుతో నీళ్లు కిందికి దింపుతూ, లాగేయండి. దీనికి నేను వాడేది మేస్త్రీలు వాడే లెవెల్ పైపు, పారదర్శకంగా ఉంటుంది, ఏం వస్తోందో కనబడుతుంది. ఎయిర్ పంప్ ఆపకుండా నడపండి, ఎందుకంటే ఈ బ్యాక్టీరియా ఆక్సిజన్ బాగా లాగేస్తుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి మూస్తున్నాయంటే గాలి చాలట్లేదని అర్థం. ఎండాకాలంలో ఇంకా జాగ్రత్త, వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది.

ఇక అమ్మోనియా చూడాలి. చేపల వ్యర్థాల్లోంచి, కుళ్లిన మేతలోంచి వచ్చే విషం ఇది. ఏపీఐ కంపెనీ అమ్మోనియా టెస్ట్ కిట్ అయితే 5 మిల్లీలీటర్ల నీళ్లు, మొదటి సీసాలోంచి 8 చుక్కలు, రెండో సీసాలోంచి 8 చుక్కలు, మూత పెట్టి ఊపండి, 5 నిమిషాలు ఆగండి. పసుపు ఉంటే లేనట్టు. ఆకుపచ్చకి తిరిగితే ఉన్నట్టు. అర పీపీఎం (లీటరుకి అర మిల్లీగ్రాము) దాటితే అప్పుడు మార్చండి నీళ్లు, అదీ పావు వంతు, మహా అయితే మూడో వంతు. మీ ట్యాంక్ ఎన్ని లీటర్లో తెలియాలంటే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగించండి. 60, 30, 30 అయితే 54. రాళ్లు పోను, పైన ఖాళీ పోను 45 అనుకోండి. మూడో వంతు అంటే 15 లీటర్లు, ఒక బకెట్. అంతే. కొత్త నీళ్లు కుళాయివి అయితే క్లోరిన్‌ని పోగొట్టే యాంటీ క్లోరిన్ మందు వేసి పోయండి.

ఇప్పుడు ఫిల్టర్. ఈ స్పాంజ్ చూడండి, గోధుమరంగు జిగురు పట్టి ఉంది. ఇది మురికి మాత్రమే కాదు. అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఉండేది ఈ జిగురులోనే. కొత్త ట్యాంక్‌లో అది కుదురుకోవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దీన్ని కుళాయి కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా పిండితే క్లోరిన్‌కి అది చచ్చిపోతుంది, మిగిలింది కొట్టుకుపోతుంది. ఆ రోజు నుంచి చేప వదిలే అమ్మోనియా అంతా ట్యాంక్‌లోనే ఉండిపోతుంది. ఇందాక చేపలు పోతాయన్నది ఇందుకే. కాబట్టి ఇలా కడగండి. బకెట్లో ట్యాంక్ నీళ్లే తీసుకోండి. కుళాయి నీళ్లు కాదు, ట్యాంక్ నీళ్లు. స్పాంజ్‌ని మూడు నాలుగు సార్లు పిండండి. నీళ్లు టీ డికాషన్‌లా అవుతాయి. స్పాంజ్ కొత్తదానిలా అవ్వకూడదు, నీళ్లు దాటే అంత ఖాళీ అయితే చాలు. రెండు స్పాంజ్‌లు ఉంటే ఈ వారం ఒకటి, రెండు వారాల తర్వాత రెండోది. రాళ్లు కూడా అదే రోజు కడగొద్దు. కరెంటు నాలుగైదు గంటలు పోయి వచ్చిందంటే, మూత ఉన్న ఫిల్టర్‌లో నిలిచిన నీళ్లు వాసన వస్తాయి, అవి పారబోసి, స్పాంజ్‌ని ఇలాగే ట్యాంక్ నీళ్లలో జాడించి ఆన్ చేయండి.

గ్లాసులో పచ్చగా ఉంటే నాచు. నీళ్లలో తేలే నాచు, ఫిల్టర్ స్పాంజ్‌కి చిక్కదు. ట్యాంక్ మీద కిటికీ ఎండ పడుతోందేమో చూడండి, లైట్ రోజుకి 6 నుంచి 8 గంటలు మించకూడదు. టైమర్ ప్లగ్ పెట్టేస్తే మర్చిపోవచ్చు. తగ్గించడానికి రెండు దార్లు. ఒకటి, మూడు నాలుగు రోజులు లైట్ ఆపేసి, దుప్పటి కప్పి పూర్తిగా చీకటి చేయడం. మేత వద్దు, ఎయిర్ పంప్ ఆగొద్దు. చచ్చిన నాచు కుళ్లుతుంది కాబట్టి దుప్పటి తీసిన రోజు మూడో వంతు నీళ్లు మార్చాలి. రెండోది యూవీ ఫిల్టర్, లోపలి యూవీ బల్బు వెలుగుతో నాచుని చంపేది. ఈ సైజు ట్యాంక్‌కి 9 వాట్లది సరిపోతుంది, చాలాసార్లు నాలుగైదు రోజుల్లోనే తేడా తెలుస్తుంది. వెలిగే యూవీ బల్బుని నేరుగా చూడొద్దు. నేనైతే యూవీకే ఓటేస్తాను, ట్యాంక్‌లో మొక్కలు ఉంటే చీకటి వాటికీ దెబ్బే.

టీ రంగు, లేత గోధుమరంగు, కానీ తేటగా ఉందా? డ్రిఫ్ట్‌వుడ్, అంటే అలంకరణకి పెట్టే చెక్క మొద్దు, వేశారా, బాదం ఆకు వేశారా? దాని రంగే దిగుతోంది. చేపలకి హాని లేదు, ఫైటర్ చేపకి ఇష్టం కూడా. చూడ్డానికి నచ్చకపోతే మొద్దుని విడిగా నానబెట్టి నీళ్లు మారుస్తూ ఉండండి, ఫిల్టర్‌లో కార్బన్, అంటే రంగు లాగేసే బొగ్గు గుళికలు, పెట్టండి.

బోరు నీళ్లయితే ఇంకో సంగతి. పట్టినప్పుడు తేటగా ఉండి, కొన్ని గంటలకి తుప్పు రంగులోకి తిరిగితే అందులో ఇనుము ఉంది, గాలి తగిలి బయటపడుతోంది. తెల్ల బకెట్లో పట్టి రాత్రంతా ఉంచితే తెలిసిపోతుంది. అలాంటి నీళ్లని డ్రమ్ములో ఒక రోజంతా ఎయిర్ పంప్ పైపు చివర పెట్టే ఎయిర్ స్టోన్ వేసి ఉంచండి, తర్వాత పంప్ ఆపి పేరుకోనిచ్చి, పైన తేటని మాత్రం ఊలులోంచి వడకట్టి వాడండి.

పటిక గురించి కూడా చెప్పాలి. తాగే నీళ్లు తేరుకోవడానికి వేస్తాం కదా అని ట్యాంక్‌లో వేయొద్దు. నీళ్ల పీహెచ్ పడిపోతుంది, చేపలు తట్టుకోలేవు. కల్లుప్పు వేసినా రంగు పోదు.

చివరిగా నీలం. జబ్బుకి మిథిలీన్ బ్లూ వేసి ఉంటే, మందు పని అయ్యేదాకా కార్బన్ తీసి పక్కన పెట్టండి, లేకపోతే మందునే లాగేస్తుంది. కోర్సు అయ్యాక పావు వంతు నీళ్లు మార్చి కార్బన్ పెట్టండి. పెట్టే ముందు జల్లెడలో వేసి నల్లనీళ్లు ఆగేదాకా కడగాలి. మూడు నాలుగు వారాలకి దాని పని అయిపోతుంది, తీసి కొత్తది వేసుకోండి.