1923ని 1932తో కలిపేయకండి

అందరికీ నమస్కారం. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య జర్మనీ గురించి అడిగితే చాలామంది విద్యార్థులు ఇలా రాస్తారు: డబ్బు విలువ పడిపోయింది, జనం బండ్లకొద్దీ నోట్లు మోశారు, విసిగిపోయి హిట్లర్‌ను గెలిపించారు. వినడానికి బాగానే ఉంది. పక్కన తేదీలు వేసి చూస్తే మాత్రం నిలబడదు.

నోట్ల గొడవ 1923ది. ఆ జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సేనలు జర్మనీలోని రూర్ అనే పారిశ్రామిక ప్రాంతాన్ని ఆక్రమించాయి. నిరసనగా పని మానేసిన కార్మికులకు ప్రభుత్వం నోట్లు అచ్చేసి జీతాలిచ్చింది. నవంబరుకల్లా డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు (మార్క్ అంటే జర్మనీ కరెన్సీ)! రెంటెన్‌మార్క్ అనే కొత్త కరెన్సీ తెచ్చాక అది సద్దుమణిగింది. ఆ తర్వాత 1928 ఎన్నికల్లో నాజీలకు వచ్చిన ఓట్లు ఎంతో తెలుసా? 2.6 శాతం.

1930 తర్వాతి సంక్షోభం, అంటే మహా మాంద్యం, దీనికి తలకిందులు. అప్పుడు ధరలు పడిపోతున్నాయి. ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) బ్రూనింగ్ జీతాలూ నిరుద్యోగ భృతీ కోశాడు, పన్నులు పెంచాడు. పార్లమెంటు కాదంటే, రాజ్యాంగంలోని 48వ అధికరణం కింద అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ సంతకంతో అత్యవసర ఉత్తర్వులు తెచ్చాడు. 1932 మొదట్లో నమోదైన నిరుద్యోగులే దాదాపు 60 లక్షలు. అలాగని 1923కీ దీనికీ సంబంధమే లేదనను. మళ్ళీ నోట్ల వరద వస్తుందన్న భయంతోనే ఖర్చు పెంచడానికి చాలామంది జంకారు. ఆ లింకు రాస్తే నేనైతే మార్కులు వేస్తాను.

ఇంకో పొరపాటు, ఉద్యోగం పోయినవాళ్ళంతా నాజీలకు ఓటేశారనుకోవడం. పట్టణాల్లో పని పోయిన కార్మికులు ఎక్కువగా కమ్యూనిస్టుల వైపు వెళ్ళారు. నాజీలకు గట్టి బలం ప్రొటెస్టెంట్ పల్లెల్లో, చిన్న రైతుల్లో, చేతిపనివాళ్ళలో ఉండేది. పంట ధరలు పడి, అప్పుల్లో మునిగిన ఉత్తర జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లో 1932 జులైలో వాళ్ళకు సగానికి పైగా ఓట్లు పడ్డాయి.

ఇక "గెలిపించారు" అన్నది. జులైలో దేశం మొత్తం మీద నాజీలకు 37.3 శాతం వచ్చింది, మెజారిటీ కాదు. నవంబరులో అదీ 33.1కి తగ్గింది, సుమారు 20 లక్షల ఓట్లు పోయాయి. పార్టీ దిగజారుతున్న ఆ టైములోనే మాజీ ఛాన్సలర్ పాపెన్ తెర వెనుక మంతనాలు నడిపి, హిట్లర్‌ను మనం అదుపులో పెట్టుకోవచ్చని ముసలి హిండెన్‌బర్గ్‌ను ఒప్పించాడు. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్‌గా నియమితుడయ్యాడు.