ఫస్టియర్ ప్రోగ్రామింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

[తెర మీద: గుంటూరు మిర్చి యార్డు, వరసగా టిక్కీలు]

నమస్కారం. ఈ వీడియో బీటెక్ ఫస్టియర్‌కి ప్రోగ్రామింగ్ చెప్పే లెక్చరర్ల కోసం. ఒక లెక్క తీసుకుందాం. టిక్కీ, అంటే మిర్చి బస్తా, బరువు 45 కిలోలు, క్వింటాలు రేటు 15,000 రూపాయలు అనుకోండి. వెల 6,750. మన గుంటూరు పిల్లలకి ఇది నోటి లెక్కే.

[తెర మీద: 45 / 100 * 15000]

ఇదే సీ భాషలో రాస్తే జవాబు సున్నా! కిలోలను క్వింటాళ్లు చేసి రేటుతో గుణించాలని పిల్లవాడు సరిగ్గానే ఆలోచించాడు. కానీ రెండు పూర్ణాంకాల భాగహారంలో సీ దశాంశాలను వదిలేస్తుంది, కాబట్టి 45 / 100 దగ్గరే సున్నా అయిపోయింది. ఇక కీబోర్డు నుంచి విలువ తీసుకునే స్కాన్‌ఎఫ్‌లో అండ్ గుర్తు (&) ఎందుకో చెప్పాలంటే మెమరీ అడ్రసుల దాకా వెళ్లాలి. మొదటి వారమే టెన్షన్. అర్థం కానిదాన్ని బట్టీ పట్టడం వాళ్లకి ఇంటర్‌లోనే అలవాటైపోయింది, ఇక్కడా అదే చేస్తారు.

పోనీ జావా, ఆబ్జెక్టులు? ఒక్క లైను ప్రింట్ చేయడానికి క్లాస్, పబ్లిక్, స్టాటిక్ అన్నీ రాయాల్సి వచ్చేది. 2025లో వచ్చిన జావా 25 ఆ బాధ తగ్గించింది. అయినా రైతు, టిక్కీ, కమిషన్ కొట్టు అని క్లాసులు విడగొట్టాల్సిన అవసరం పది లైన్ల ప్రోగ్రాములో కనిపించదు.

నేనైతే ఫంక్షన్లతో మొదలుపెట్టమంటాను. బరువు, రేటు ఇస్తే వెల చెప్పే ఫంక్షన్ ఒకటి. ఆ వెల తీసుకుని, హమాలీ, కమిషన్ పోను చేతికొచ్చేది చెప్పే ఫంక్షన్ ఇంకొకటి. దేనికది కాగితం మీద సరిచూసుకోవచ్చు. తప్పు ఎక్కడుందో పిల్లవాడే పట్టుకుంటాడు. ఆ పట్టుకోవడమే ప్రోగ్రామింగ్‌లో అసలు చదువు, దాన్ని మనం రెండో ఏటికి వాయిదా వేయకూడదు. అమెరికాలో ఎంఐటీ 1980ల నుంచి రెండు దశాబ్దాలకు పైగా తొలి కోర్సును స్కీమ్ భాషలో, ఫంక్షన్లకే పెద్దపీట వేసి చెప్పింది. తర్వాత పైథాన్‌కి మారింది.

లూపు ఎప్పుడంటారా? ఇరవై టిక్కీల బరువులు ఒకేసారి ఇచ్చిన రోజు.

సిలబస్‌లో సీనే ఉంటే? మొదటి నాలుగు ల్యాబుల్లో మెయిన్, స్కాన్‌ఎఫ్ మీరే రాసివ్వండి. పిల్లలు ఫంక్షన్ ఒక్కటే రాస్తారు, బరువుకీ రేటుకీ దశాంశాలు పట్టే డబుల్ టైపు వాడమనండి. రికార్డులో ప్రోగ్రాము కింద చేత్తో వేసిన మూడు లెక్కలు ఉండాలి: మామూలు టిక్కీ ఒకటి, సున్నా బరువు ఒకటి, పైసల్లో తేలేది ఒకటి.