శాకాహారి మాంక్, పితికిపప్పు: బెంగళూరులో ఒక శనివారం

ఈ రోజు కెమెరాను వంటింటి గట్టు మీద, నీళ్ల బిందె పక్కన పెట్టాను, ఎందుకంటే సాయంత్రం దాకా నా పనంతా ఈ చిన్న చోటులోనే సాగుతుంది. ఇది జనవరి నెల కాబట్టి జయనగర్ నాలుగో బ్లాక్ మార్కెట్‌లో మాగడి అనపకాయలను రాశులు పోసి అమ్ముతున్నారు. కన్నడిగులు వీటిని అవరెకాయి అంటారు, కాయ మీద ఉండే జిడ్డు పరిమళాన్ని సొగడు అంటారు, ఆ సొగడు చేతికి అంటితేనే కాయ మంచిదని ఇక్కడి వాళ్ల లెక్క. నిన్న తెచ్చిన కాయలను ఒలిచి, గింజలను రాత్రంతా నానబెట్టాను. ఇప్పుడు ఒక్కొక్క గింజను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టి నొక్కితే తోలు వేళ్ల మధ్య మిగిలిపోయి, లేత పచ్చని పప్పు గిన్నెలోకి జారిపడుతుంది. మా మదనపల్లెలో దీన్ని పితికిపప్పు అంటాం, ఇక్కడ హితికిద బేళె అంటారు. మన పకారం కన్నడంలో హకారమైంది కానీ పప్పు మాత్రం అదే పప్పు.

ఎదురుగా కూర్చుని నాతో పాటు పితుకుతున్నది మా అమ్మ. సంక్రాంతి అయిన తర్వాత వచ్చి నెల రోజులు ఉంటానని మాట ఇచ్చింది. రాత్రి తొమ్మిది గంటలకు మా శనివారపు ఆట, అంటే ఇంటర్నెట్‌లో కలిసి ఆడే కంప్యూటర్ ఆట మొదలవుతుంది. అప్పటికి డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి ఉదయం తొమ్మిదిన్నర అవుతుంది, చెన్నైలో ఉన్న పిన్ని కొడుకు ఆఫీసు నుంచి వచ్చి స్నానం చేసి ఉంటాడు. మేము ముగ్గురం మూడు ఊళ్లలో ఉండి వారానికి ఒక్కసారి కలిసే చోటు ఆ ఆటే. అందులో నేను ఆడించే పాత్ర ఒక మాంక్, అంటే యుద్ధం చేసే సన్యాసి, అది మాంసం తినదు, వండదు. ఇది నేను సరదాకు పెట్టుకున్న నియమం కాదు, చాలా ఏళ్లుగా పాటిస్తున్నాను, దాని గురించి ఈ వీడియోలో వివరంగా చెప్పదలుచుకున్నాను.

అమ్మ మొదట అడిగిన ప్రశ్నే చాలామంది అడుగుతారు. “బొమ్మ తింటే నీకేం అంటుతుందే?” అన్నది. అంటుతుందని నేను అనుకోవడం లేదు. అయితే ఈ ఆటలలో వంట అంటే ఒక బొత్తాం నొక్కడం కాదు, అడవికి పోయి గడ్డి మేస్తున్న జంతువును చంపి, దాని మాంసాన్ని సంచిలో వేసుకుని, నిప్పు రాజేసి కాల్చడం, ఆ పనిని వందసార్లు చేస్తే తప్ప చేయి తిరగదు. రోజంతా ఉద్యోగం చేసి నాకంటూ మిగుల్చుకున్న రెండు గంటలలో నా చేతులు ఏ పని చేస్తున్నాయో నాకు పట్టింపు ఉంటుంది. “రాక్షసులను నరుకుతావు, పందిని వదిలేస్తావా అక్కా?” అని తమ్ముడు ఒకప్పుడు అడిగాడు. మీదికి వచ్చిన రాక్షసుడితో యుద్ధం చేయడం వేరు, తన మానాన తాను మేస్తున్న జంతువును బలం కోసం చంపడం వేరు అని చెప్పాను, ఈ రోజుకూ నా సమాధానం అదే.

ఆటలు ఆడని వాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. ఆటలో తిండి రెండు రకాలుగా పనికివస్తుంది. ఒకటి, పోయిన ప్రాణశక్తిని తిరిగి నింపుతుంది. రెండు, కొంతసేపు బలాన్నో తెలివినో చురుకుదనాన్నో పెంచుతుంది, దీన్నే బఫ్ అంటాం. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఆ స్థితి పేరు వెల్ ఫెడ్, అంటే కడుపు నిండిన స్థితి. రొట్టెలు, ఆపిల్ పండ్లు, అరటిపండ్లు దుకాణంలోనే దొరుకుతాయి, మంత్రగాళ్లు రొట్టెను మంత్రంతో పుట్టించి పెడతారు కూడా, కాబట్టి శాకాహారి ఆకలితో ఉండడు. కానీ అవి ప్రాణశక్తిని నింపుతాయే తప్ప బఫ్ ఇవ్వవు. బఫ్ ఇచ్చే పాతకాలపు వంటకాలలో అత్యధికం మాంసంతో, చేపలతో చేసినవే, అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఈ చిక్కును నాకు సూత్రంలా విప్పి చూపించిన ఆట 2014 ఏప్రిల్‌లో వచ్చిన ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్. అందులో మాంసపు వంటకాలు ఆరోగ్యాన్ని పెంచుతాయి, పండ్ల వంటకాలు మంత్రశక్తి అయిన మ్యాజికాను పెంచుతాయి, కూరగాయల వంటకాలు ఓపిక అయిన స్టామినాను పెంచుతాయి. టమాటాను, గుమ్మడికాయను అక్కడ పండ్లలో లెక్కపెట్టారు. క్యారెట్లు, ముల్లంగి, బీట్‌రూట్, మొక్కజొన్న, బంగాళదుంప, ఆకుకూరలు కూరగాయల వరుసలో ఉంటాయి. పండునూ కూరగాయనూ కలిపి వండితే మ్యాజికా, స్టామినా రెండూ పెరుగుతాయి, ఆరోగ్యం మాత్రం పెరగదు. అంటే ఈ పద్ధతిలో శాకాహారి పాత్ర తిండి ద్వారా ఎంత తెలివైనదైనా, ఎంత ఓపిక గలదైనా కావచ్చు, దెబ్బలు తట్టుకునే ఆరోగ్యాన్ని మాత్రం మరోచోట సంపాదించుకోవాలి. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిరాశ కలగలేదు, ఎందుకంటే నియమం స్పష్టంగా ఉన్నప్పుడు దానికి తగినట్లు సంసారం దిద్దుకోవచ్చు. 50వ స్థాయికి చేరేసరికి చేతికి వచ్చే 64 పాయింట్లలో మామూలు కంటే ఎక్కువ భాగాన్ని ఆరోగ్యానికి కేటాయించాను, కవచాల మీద కూడా ఆరోగ్యాన్ని పెంచే గ్లిఫ్‌లు అనే మంత్రముద్రలు ఎక్కించాను. అక్కడ పానీయాలకు కూడా లెక్క ఉంది: మద్యం ఆరోగ్యం తిరిగి పుంజుకునే వేగాన్ని, టీ మ్యాజికా పుంజుకునే వేగాన్ని, టానిక్ స్టామినా పుంజుకునే వేగాన్ని పెంచుతాయి. తిండి బఫ్, పానీయం బఫ్ రెండూ ఒకేసారి నిలబడవు కాబట్టి అన్నమా, టీయా అన్నది ఎంచుకోవాలి.

ఆ ఆటలోనే నా వల్ల ఒక పెద్ద పొరపాటు జరిగింది. సైజిక్ ఆంబ్రోసియా అనే పానీయం తాగితే పాత్ర స్థాయిని పెంచే అనుభవ పాయింట్లు అరగంట పాటు 50 శాతం ఎక్కువగా వస్తాయి. పానీయమే కదా అని పదార్థాలు చూడకుండా చాలా రోజులు తాగాను. ఒక రోజు రెసిపీ తెరిచి చూస్తే అందులో పర్ఫెక్ట్ రో అని రాసి ఉంది, అంటే చేపగుడ్లు, చేపలను కోసినప్పుడు అరుదుగా దొరికేవి. ఆ రోజు నుంచి ఒక వంద పేజీల నోట్‌బుక్ పెట్టాను. కొన్న వంటకాన్ని తెర మీద చూస్తే దాని ప్రభావమే కనిపిస్తుంది కానీ పదార్థాలు కనిపించవు కాబట్టి ప్రతి వంటకానికీ రెసిపీ వెతికి, పదార్థాలన్నీ రాసి, శాకాహారమైతే మన బిస్కెట్ పొట్లం మీద ఉండే గుర్తులాగా చదరంలో ఆకుపచ్చ చుక్క స్కెచ్ పెన్నుతో పెడతాను. అమ్మ పితకడం ఆపి ఆ నోట్‌బుక్ తిరగేసింది. “పుట్టగొడుగులకు కూడా చుక్క పెట్టినావే?” అన్నది, మా ఇంట్లో పుట్టగొడుగులు తినరు.

ఆ చుక్కకు కారణం ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే మరో ఆట. అందులో బంగాళదుంపను కాల్చి, వెన్న వేసి, వేయించిన పుట్టగొడుగులూ ఉల్లిపాయలూ పైన పెడితే ఆ మష్రూమ్ పొటాటో 20 హిట్‌పాయింట్లు, అంటే అంత ప్రాణశక్తి ఇస్తుంది. సొరచేప ఇచ్చేదీ సరిగ్గా 20. పైగా ఈ బంగాళదుంపకు వంటలో 64వ స్థాయి చాలు, సొరచేపకు 80 కావాలి. ట్యూనా వేసిన బంగాళదుంప 22 ఇస్తుంది, ఆ తేడాను నేను దాచను. టమాటా, ఉల్లి, క్యాబేజీలతో చేసే గార్డెన్ పై తింటే వ్యవసాయ స్థాయి కొంతసేపు 3 పెరుగుతుంది. స్ట్రాబెర్రీ, పుచ్చకాయ, ఆపిల్‌లతో చేసే సమ్మర్ పై తింటే చురుకుదనం 5 పెరుగుతుంది. తోటలో పండినది తిన్నవాడికి తోటపని బాగా వస్తుందన్న ఆలోచన నాకు ఎంతో నచ్చింది.

ఫైనల్ ఫాంటసీ 14లో ఏది తిన్నా అనుభవ పాయింట్లు 3 శాతం ఎక్కువగా వస్తాయి, ఆ మేరకు నారింజరసం తాగినవాడూ మాంసం తిన్నవాడూ సమానమే. గిల్డ్ వార్స్ 2లో గుమ్మడి జాతికి చెందిన బటర్‌నట్ స్క్వాష్‌తో చేసిన సూప్‌లు చాలాకాలం దాడి చేసే వాళ్లకు ఇష్టమైన తిండిగా ఉన్నాయి. 2022 ఆగస్టులో గెన్షిన్ ఇంపాక్ట్‌లో సుమేరు ప్రాంతం తెరిచినప్పుడు వంటల పట్టికలో పానీపూరి కనిపించింది, ఆ రాత్రి మా ముగ్గురి ఫోన్లూ మోగుతూనే ఉన్నాయి.

వార్‌క్రాఫ్ట్ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే మేము ఎక్కువగా ఆడేది అదే. పాత పద్ధతిలో వంట నేర్చుకున్న రోజున చేతికి వచ్చేవి పందిమాంసం, తోడేలు మాంసం కాల్చే రెసిపీలు, ఆ తర్వాత గుడ్డు. వాటిని దాటే దారిని నాకు మా మరదలు చూపించింది. నవంబరులో జరిగే పిల్‌గ్రిమ్స్ బౌంటీ పండుగలో మసాలా రొట్టె, గుమ్మడి పై, క్రాన్‌బెర్రీ చట్నీ, చిలగడదుంపల మిఠాయి వరుసగా వండుకుంటూ పోతే, టర్కీ కోడి రెసిపీ వచ్చే 280వ స్థాయి దాకా మాంసం ముట్టకుండా చేరుకోవచ్చు. అదే నవంబరులో డాలస్‌లోని మా తమ్ముడి ఇంట్లో మరదలు నిజమైన క్రాన్‌బెర్రీలతో పప్పు, పులిహోర, పచ్చడి చేస్తుంది, వాక్కాయ దొరకని ఊరిలో ఆ పులుపే వాళ్లకు ఆధారం. వార్‌క్రాఫ్ట్ పాత రూపమైన క్లాసిక్‌లో మరొక మంచి వంటకం రన్ టమ్ ట్యూబర్ సర్‌ప్రైజ్, ఒక దుంపకు మసాలా పట్టించి చేసేది, తెలివిని 10 పెంచుతుంది. దాని రెసిపీ డైర్ మాల్ అనే శిథిల నగరంలో పుసిలిన్ అనే చిట్టి పిశాచం దగ్గర ఉంటుంది, వాడి వెంట చాలాసేపు పరుగెత్తాలి.

అయితే నాకు నిజంగా తృప్తినిచ్చింది 2012లో వార్‌క్రాఫ్ట్‌కు కొత్త భాగంగా వచ్చిన పాండారియా విస్తరణ. అందులో ఆటగాడికి సన్‌సాంగ్ రాంచ్ అనే పొలం ఇస్తారు. మొదట 4 మడులు, పని చేసేకొద్దీ 16 మడులు అవుతాయి, క్యాబేజీ, క్యారెట్, ఉల్లికాడలు, గుమ్మడి, టర్నిప్ వేసి, నీళ్లు పోసి, చీడ తీస్తే మరుసటి రోజుకు పంట చేతికి వస్తుంది. వంట కూడా ఆరు మార్గాలుగా విడిపోతుంది, అందులో వోక్ మార్గం చురుకుదనానికి సంబంధించినది, దానిలో వేయించిన క్యారెట్ల వంటకం ఉంది. నా పాత్ర మాంక్ కాబట్టి చురుకుదనమే దాని అసలు బలం, నా పొలంలో నేను పండించిన క్యారెట్‌ను వేయించుకుని తింటే ఆ బలం పెరుగుతుంది. పైస్థాయి వంటకాలలో చేపలూ రొయ్యలూ మళ్లీ వస్తాయి, వాటిని తిన్నవాళ్లకు నాకంటే కొంత ఎక్కువ లాభం ఉంటుంది.

ఆ కొంత తేడా గురించే ఒకసారి నాకు చాలా బాధ కలిగింది. మునుపు నేను ఉన్న ఒక బృందంలో రెయిడ్‌కు, అంటే అందరూ కలిసి చేసే పెద్ద దాడికి ముందు అందరూ చేపల విందే తినాలని నాయకుడు పట్టుపట్టాడు, నేను తిననన్నప్పుడు కారణం కూడా వినకుండా నన్ను తీసేశాడు. ఆ రాత్రి నేను ఎవరినీ ఓడిపోయేలా చేయలేదు, ముందు వారాలలోనూ చేయలేదు. ఆటలు తయారుచేసే వాళ్లను నేను కోరుకునేది పెద్ద పని కాదని నా నమ్మకం. ప్రతి బఫ్‌కూ ఒక చేప వంటకం ఉన్నచోట అదే సంఖ్య ఇచ్చే ఒక గింజల వంటకం పెట్టాలి, దానికి శ్రమ ఎక్కువైనా పరవాలేదు, నాలుగు రెట్లు మడులు దున్నమన్నా దున్నుతాను. ఆ వంటకం పక్కన ఒక ఆకుపచ్చ చుక్క ఉంటే నా నోట్‌బుక్ అవసరం తీరిపోతుంది.

ఇప్పుడు ఎనిమిదిన్నర అయింది. పితికిపప్పు కూరలో కొబ్బరి, ధనియాలు, గసగసాలు నూరిన ముద్ద వేశాను, రాగిసంగటి ముద్దలు కట్టి మూత పెట్టాను. అమ్మ కంచం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నది. తమ్ముడు తెర మీదికి వచ్చి “అక్కా, ఏం కూర?” అని అడిగాడు, అమ్మ గిన్నెను కెమెరా ముందుకు వంచి చూపించింది, వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. డాలస్‌లో పచ్చి అనపకాయలు వాడికి ఇంతవరకు దొరకలేదు. నేను నా మాంక్‌ను నిప్పు దగ్గర కూర్చోబెట్టి క్యారెట్లు తినిపించడం మొదలుపెట్టాను. కడుపు నిండిన గుర్తు రావాలంటే పది సెకన్లు కదలకుండా కూర్చుని తినాలి. అమ్మ సంగటి ముద్ద చేతిలో పట్టుకుని, ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టింది, పది అనేదాకా తను కూడా నోట్లో పెట్టుకోలేదు.