మాగాయ ఊట, ఓఆర్ఎస్ నీళ్లు

శ్రోతలందరికీ నమస్కారం.

శ్రీకాకుళం జిల్లాలో మా ఇంట్లో మాగాయ పెట్టే రోజులొస్తే ముందు నౌపడ ఉప్పు తెచ్చేవారు. అమ్మ మామిడికాయ చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి జాడీలో పెట్టేది. మూడో రోజు మూత తీస్తే ముక్కలు ఊటలో మునిగి ఉండేవి. చుక్క నీళ్లు పొయ్యలేదు కదా, ఇదంతా ఎక్కడిదని అడిగేదాన్ని. "ముక్కల్లోదేనే, ఉప్పు లాగింది" అనేది. ఆ మాట అక్షరాలా నిజమని కాలేజీలో జీవశాస్త్రం చదివాక తెలిసింది.

మామిడి ముక్క నిండా కణాలే. ఒక్కో కణానికి కొవ్వు అణువులు రెండు వరసలుగా పేర్చిన పలుచని పొర ఉంటుంది. మందం మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు. ఆక్సిజన్ దాంట్లోంచి నేరుగా దూరిపోతుంది. ఉప్పు అలా దూరలేదు. నీళ్లకు మాత్రం ఆ పొరలో ప్రత్యేకంగా సన్నటి ప్రొటీన్ దారులున్నాయి. వాటిని కనుక్కున్నందుకు పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. ఉప్పు లోపలికి వెళ్లలేదు, నీళ్లు బయటికి రాగలవు. అందుకే ఉప్పు ఎక్కువున్న వైపుకే నీళ్లు నడుస్తాయి. దీన్నే ద్రవాభిసరణం అంటారు.

ఇప్పుడు జాడీ వదిలి మన పేగుల్లోకి వద్దాం. కలరా సోకితే పేగు గోడల కణాలు ఉప్పును పేగులోకి వదిలేస్తాయి, దాని వెంట ఒంట్లో నీళ్లూ పోతాయి. బిడ్డకు విరేచనాలవుతుంటే "నీళ్లు పట్టకండి, ఇంకా పోతాయి" అనే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది. పోయిన నీళ్లు తిరిగి రాకపోతేనే ప్రాణం మీదికొస్తుంది.

అయితే ఎలా పట్టాలి? పేగు కణాల పొరలో ఒక వాకిలి ఉంది. గ్లూకోజ్ ఒక్కటే వస్తే అది తెరుచుకోదు, సోడియం జతగా రావాలి. ఒక గ్లూకోజ్‌కు రెండు సోడియం. ఈ జంట ప్రయాణాన్ని రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్‌లో వివరించాడు. కలరాలో కూడా ఈ వాకిలి పాడవదు. ఉప్పూ చక్కెరా అక్కడ లోపలికి వెళితే నీళ్లు వాటి వెంటే వెళతాయి.

లోపలికొచ్చిన సోడియాన్ని కణం ఊరికే ఉంచుకోదు. పొరలోనే ఉన్న ఒక పంపు మూడు సోడియాలను బయటికి తోడి, రెండు పొటాషియాలను లోపలికి తెస్తుంది. అలా తోడటానికి కావలసిన శక్తి ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది. 1929లో ఏటీపీని కనుక్కున్నవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారని చెప్పుకోవడం నాకెంతో ఇష్టం.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది, సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా ఉప్పు కలిపిన నీళ్లు, అంటే ఓఆర్ఎస్ నీళ్లు, తాగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 లోపుకు దిగాయి.

ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరికితే దానిమీద రాసినన్ని నీళ్లలో మొత్తం ప్యాకెట్ కలపండి. దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. "కాస్త ఎక్కువైతే ఏం" అనుకోకండి. ఉప్పో చక్కెరో ఎక్కువైతే పేగు మాగాయ జాడీ అయిపోతుంది, ఒంట్లో నీళ్లే ఊటగా దిగుతాయి. తియ్యటి కూల్‌డ్రింకులు వద్దనేది అందుకే. గుక్క గుక్కగా పట్టండి. బిడ్డ మగతగా ఉన్నా, ఒంటికి పోవడం తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మన ఇళ్లలో ఉప్పేసి పట్టే గంజి కూడా ఈ దారినే పనిచేస్తుంది. అన్నంలోని పిండి పేగులో కొద్ది కొద్దిగా గ్లూకోజ్‌గా విడిపోతుంది. ఒక్కసారిగా తీపి పెరగదు కనుక నీళ్లను బయటికి లాగదు. విడిపోయిన గ్లూకోజ్ సోడియాన్ని వెంటబెట్టుకుని అదే వాకిట్లోంచి లోపలికి వెళుతుంది.