డాల్ఫిన్‌కి నిమ్ము చేరిందని రక్తం ఎలా చెబుతుంది?

[తెర మీద: నీళ్ల పైకి వచ్చి, ఒక్కసారి ఊపిరి వదిలి మునిగిపోయే డాల్ఫిన్]

జబ్బు చేసిన డాల్ఫిన్‌ని చూసి కనిపెట్టడం కష్టం. నీరసపడితే సొరచేప కాచుకుని ఉంటుంది కదా, ఓపిక ఉన్నంత వరకు మామూలుగానే ఈదుతుంది. చేపలు ముట్టకుండా ఓ పక్కన తేలుతోందంటే అప్పటికే ముదిరిందన్నమాట.

పైగా దాని ఊపిరి తీరే వేరు. మామూలుగా మనం ఒక్కో శ్వాసకు ఊపిరితిత్తుల్లోని గాలిలో పదో వంతో, కాస్త ఎక్కువో మార్చుకుంటాం. డాల్ఫిన్ ఒక్క దమ్ములో ముప్పావు వంతు పైనే మార్చేస్తుంది. మన ముక్కులా గాలిని వడకట్టే ఏర్పాటు దానికి లేదు. నీటి మీద ఏ ఆవిరి ఉంటే అది నేరుగా లోపలికే పోతుంది. డాల్ఫిన్ల ప్రాణం తీసే జబ్బుల్లో నిమ్ము, అదే న్యుమోనియా, ముందు వరసలో ఉంటుంది.

[తెర మీద: తోక క్లోజప్]

రక్తం తీసేది తోక నుంచి. శాన్ డియాగోలో అమెరికా నేవీ పెంచే డాల్ఫిన్లకు ఇందుకోసం ట్రైనింగ్ ఇస్తారు. తోకని ట్రైనర్ చేతికిచ్చి, అది కదలకుండా తేలుతుంది. డాక్టర్ తోక రెక్క మీద సన్నటి గాడిని వేలితో తడిమి చూసుకుని, అక్కడ సూది దించుతారు. పనయ్యాక చేప పెట్టాల్సిందే, ఊరికే ఎవరిస్తారు రక్తం!

[తెర మీద: నిలబెట్టిన సన్నటి గాజు గొట్టం, కిందికి దిగుతున్న ఎరుపు]

ఈ పరీక్ష పేరు మీ ల్యాబ్ రిపోర్టులోనూ చూసే ఉంటారు: ఈఎస్ఆర్. ఒంట్లో వాపు ఉంటే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ పెరుగుతుంది. దాంతో ఎర్ర కణాలు నాణేల దొంతరలా ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి, త్వరగా అడుగుకి చేరతాయి. గంటలో ఎంత దిగాయో కొలుస్తారు. తెల్ల కణాల లెక్క ఎలాగూ ఉంటుంది.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఐరన్. బ్యాక్టీరియా పెరగాలంటే ఐరన్ కావాలి. అందుకే ఇన్ఫెక్షన్ రాగానే శరీరం రక్తంలోని ఐరన్‌ని లోపల దాచేస్తుంది, రిపోర్టులో అంకె పడిపోతుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ కూడా తగ్గుతుంది. కాకపోతే పిల్ల డాల్ఫిన్లలో అది సహజంగానే ఎక్కువ. కాబట్టి ఏ డాల్ఫిన్ రిపోర్టుని దాని పాత రిపోర్టులతోనే పోల్చాలి. మందు మొదలుపెట్టాక ఐరన్ పెరుగుతూ, ఈఎస్ఆర్ దిగుతూ ఉంటే డాక్టర్‌కి టెన్షన్ తగ్గుతుంది.

అయితే ఇవేవీ జబ్బు ఊపిరితిత్తుల్లోనే ఉందని చెప్పవు. పుండు పడినా, పంటి దగ్గర చీము పట్టినా ఇవే అంకెలు రావచ్చు. చుట్టూ గోడ కట్టుకున్న పాత గడ్డ ఉంటే, రక్తం శుభ్రంగా కనిపించే ప్రమాదమూ ఉంది. అందుకే అల్ట్రాసౌండ్ తప్పదు.

[తెర మీద: లూసియానా తీరం మ్యాప్]

2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు తవ్వే రిగ్ పేలింది. చమురు లూసియానా తీరంలోని బరాటేరియా బే దాకా వచ్చింది. 2011లో అక్కడి డాల్ఫిన్లను వలలతో పట్టి పరీక్షించారు. చమురు తాకని ఫ్లోరిడా సరసోటా బే డాల్ఫిన్లతో పోలిస్తే, ఓ మోస్తరు నుంచి తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు ఉండే అవకాశం వీటిలో 5 రెట్లు. అది అల్ట్రాసౌండ్ చూపింది. రక్తం ఇంకో సంగతి బయటపెట్టింది. వలలో పడితే ఒత్తిడికి కార్టిసాల్ అనే హార్మోన్ ఎగబాకాలి, వీటిలో చాలావాటికి అది అడుగునే ఉండిపోయింది. దాన్ని తయారుచేసే అడ్రినల్ గ్రంథులు దెబ్బతిన్నాయని డాక్టర్లు అనుమానించారు. ఆ గ్రంథులు సరిగా లేని డాల్ఫిన్‌కి నిమ్ము వస్తే తట్టుకోవడం కష్టం. ఏళ్ల తర్వాత చేసిన పరీక్షల్లోనూ ఆ బేలో ఊపిరితిత్తుల జబ్బు కనిపిస్తూనే ఉంది.